వాపసు వచ్చిన నల్ల నూనె

నా కారు ఆయిల్ నేనే మార్చుకుంటాను. ఈ మాట చెబితే కరీంనగర్‌లో మా వీధివాళ్లు నమ్మరు, నమ్మినవాళ్లు నవ్వుతారు. అరవై దాటిన మనిషి, పైగా పింఛను తీసుకునే పంతులమ్మ, పాత చీర ముక్క నడుముకు చుట్టుకొని కారు కింద పడుకోవడం వాళ్లకు వింతే మరి. మా అమ్మాయికైతే ఒళ్లు మండుతుంది. "అమ్మా, ఫోన్ చేస్తే వాళ్లే వచ్చి బండి తీస్కపోతరు, కడిగి మరీ తెచ్చిస్తరు. నీకెందుకే గీ పరేషాన్? మల్ల మోకాళ్లు నొస్తున్నయని నువ్వే మూలుగుతవ్" అంటుంది. నిజమే, మూలుగుతాను. అయినా మానను. నా మొండితనం ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఇప్పుడు వాదించడం కూడా మానేశారు.

మొన్న ఆయిల్ మార్చినప్పుడు ఒక సంగతి జరిగింది. సంగతి అనేంత పెద్దదీ కాదు. తీసిన పాత నూనెను డబ్బాలో పోసి, ఎవరికైనా పనికొస్తుందేమోనని వీధిలో అడిగాను. ఎదురింటాయన ముక్కు మూసుకున్నాడు. మూలమీద ఇస్త్రీ చేసే ఆయన, "గది తీస్కపోయి నేనేం జేసుకోవాలె మేడమ్?" అన్నాడు. అతని తప్పేముంది! ఇళ్లన్నీ సిమెంటు, తలుపులు ఇనుమో ప్లాస్టిక్కో. ఆ నూనె పూయడానికి, చెదలు పట్టే కర్ర ఎక్కడుంది? చివరికి మెకానిక్ షెడ్డులో, పాత నూనె పోసే పీపాలో ఒంపేసి వచ్చాను. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే ఆ వాసన సబ్బుకు లొంగలేదు. తువ్వాలుతో తుడిచినా వేళ్లమీదే ఉండిపోయింది. అప్పుడు రాధాబాయి గుర్తుకొచ్చింది. ఆమె గుర్తుకొస్తే నాకు ఆ పూట అన్నం సయించదు.

మాది పెద్దపల్లి దగ్గర వరి పండించే కుటుంబం. మా నాన్నను బాపు అనేవాళ్లం. ఇంట్లో ఆయన ఒక్కడే చదువుకొని ఉద్యోగంలో చేరాడు. ఉట్నూర్ అవతల, అడవి అంచున ఉన్న ఒక పల్లెలో బడికి పెద్దసారుగా వేశారు. "మంచి నీళ్లు, మంచి అన్నం ఇడిసిపెట్టి అడవిలకు పోయి సలిజ్వరం తెచ్చుకుంటవారా" అని మా నాయనమ్మ ఏడ్చిందట. బాపు వినలేదు. అవ్వనూ, అంటే మా అమ్మనూ, నన్నూ తీసుకొని ఆ ఊరికి వెళ్లిపోయాడు. పెంకుటిల్లు, వెదురు తడికెల ప్రహరీ, వాకిట్లో చింతచెట్టు. వానాకాలంలో పొయ్యిలోకి తడికట్టెలు పెడితే ఇల్లంతా పొగ. ఆ పొగ వాసన, ఇప్పపువ్వు ఎండబెట్టిన చాపల వాసన, బాపు చొక్కాకు ఉండే సుద్దముక్కల వాసన, ఇవన్నీ కలిసి ఆ ఇంటికి ఒక వాసన ఉండేది. సెలవుల్లో కరీంనగర్ కాలేజీ హాస్టలు నుంచి ఇంటికొచ్చి గడపలో అడుగుపెట్టగానే, నా సామాను దించకముందే ఆ వాసన నాకు ఎదురొచ్చేది.

ఆ ఊరికి ఒకటే బస్సు. అదీ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అందుకే బాపు ఎక్కడో వేలం పాటలో ఒక పాత జీపు తెచ్చాడు. రంగు వెలిసిపోయింది, పైకప్పు గుడ్డకు అవ్వ వేసిన మాసికలు. ఊళ్లో ఇంకో మోటారు బండి లేదు కాబట్టి కాన్పు వచ్చినా, పాము కరిచినా, జ్వరం తలకెక్కినా అందరూ మా వాకిట్లోకే వచ్చేవాళ్లు. బాపు తింటున్న కంచం పక్కకు జరిపి లేచేవాడు. మెకానిక్కు కావాలంటే ఆదిలాబాద్ పోవాలి. అంతదూరం పోయే ఓపికా తీరికా లేక, చిన్నాచితకా పనులన్నీ బాపు ఇంట్లోనే నేర్చుకున్నాడు. అందులో ముఖ్యమైనది ఆయిల్ మార్చడం.

ఆయిల్ మార్చే ఆదివారం మా ఇంట్లో పండుగకున్నంత హడావుడి. బాపు పొద్దున్నే స్నానం మానేసి, చిరిగిన లుంగీ కట్టుకొని, జీపును చింతచెట్టు కిందికి తెచ్చి ఇంజను కాసేపు నడిపించేవాడు. "ఉడుకుమీద ఉన్నప్పుడైతేనే నూనె పల్చగై పూరాగ దిగుతది, సల్లారినంక అడుగుకు వట్టుకుంటది" అని ప్రతిసారీ కొత్తగా చెప్పినట్టు చెప్పేవాడు. బాపుకు నడుం పట్టేసేది. అందుకని కింద దూరే పని నాది. పానాతో కింది నట్టు విప్పి, చెయ్యి కాలకముందే పక్కకు తియ్యాలి. నల్లటి నూనె ధారగా ఇనుప తట్టలో పడేది. "పెండ్లికెదిగిన పిల్లను బండి కింద పండవెడ్తుండ్రు, గా నూనె మరకలు నా చేతులు అరిగిపోయినా పోతలేవు" అని అవ్వ గుమ్మంలోంచి సణిగేది. బాపు నవ్వి ఊరుకునేవాడు. ఆఖరి చుక్క పడేదాకా నట్టు బిగించనిచ్చేవాడు కాదు.

ఈలోపే ఊరు వచ్చేది. నిజంగానే ఊరు ఊరంతా. చేతుల్లో సీసాలు, మూత ఊడిన డబ్బాలు, అడుగు మాడిన గిన్నెలు. ఆ నల్ల నూనె వాళ్లకు బంగారం. దూలాలకూ గుమ్మాలకూ పూస్తే చెదలు రావు. నాగలి కర్రకు పూస్తే వానకు చివకదు. బండి ఇరుసుకు పెడితే చక్రం హాయిగా తిరుగుతుంది. బాపు తట్ట ముందు పీట వేసుకొని, గరిటెతో అందరికీ సమానంగా పోసేవాడు. బళ్లో పిల్లలకు పుస్తకాలు పంచేటప్పుడు ఎంత గంభీరంగా ఉండేవాడో అప్పుడూ అంతే. అందరికంటే పెద్ద సీసా తెచ్చేది రాధాబాయి. మా ఎదురిల్లే. భర్త చాందా దిక్కు బొగ్గు గనిలో పనికి పోతే, సేద్యం ఆమే చేసుకునేది. ఎడ్లు కట్టేది, బండి తోలేది, ఎవరైనా గట్టు జరిపితే ఊరు దద్దరిల్లేలా తిట్టేది.

"ఓ రాధాబాయీ, నీకు సీస గావాల్నా గంగాళం గావాల్నా?" అని అవ్వ ఆటపట్టించేది.

"నింపుతనంటే గంగాళమే తెద్దును గదా వదినా! మీ సారు గరిటె సూడు, పిల్లకు పాలు వోసినట్టు వోస్తడు" అని ఆమె అనేది. ఆమె చంకలో సక్కు ఉండేది, ఒక్కగానొక్క కూతురు. నడవడం వచ్చినా చంక దిగేది కాదు. తల్లి ఎవరినైనా తిడుతుంటే అదీ వేలు చూపిస్తూ వంత పాడేది. బాపును మాత్రం "సాలూ" అని పిలిచేది, దానికి 'ర' పలికేది కాదు.

ఆ వేసవి సెలవుల చివర్లో తొలకరి పడింది. నిజానికి ఆయిల్ మార్చాల్సింది ఆ తర్వాతి ఆదివారం. కొత్త టిన్ను ఇంకా ఇంట్లోకి రాలేదు. ఊళ్లో కిరాణా కొట్టు నడిపే ఖాజా మియా ఉట్నూర్ అంగడికి పోయాడు, సాయంత్రం బస్సుకు తెస్తానన్నాడు. కానీ రాధాబాయి పొద్దున్నే వచ్చి కూర్చుంది. "సారూ, జర ఇయ్యాల్నే ఇప్పుండ్రి. రేపటిసంది ఇత్తనాలు. బండి ఇరుసు కిర్రుకిర్రుమని మొత్తుకుంటుంది, ఎడ్లు గూడ ఇంటలేవు. సక్రాలు ఊడదీసి వెట్టిన, నూనె వోస్తే ఎక్కిస్త" అంది. ఆమె వెనక ఇంకా నలుగురైదుగురు. వానకు చెదలు లేస్తున్నాయని ఒకరు, గుడిసె గుంజలు తడుస్తున్నాయని ఒకరు.

"కొత్తది ఇంట్లకు రానియ్యిండ్రి, గప్పుడు ఇప్పుండ్రి" అంది అవ్వ.

"పొద్దూకితే ఖాజా తెస్తనే తెస్తడు. అప్పటిదాంక బండితోని పనేమున్నది? ఫికర్ జెయ్యకు" అన్నాడు బాపు. నలుగురు వచ్చి అడిగితే కాదనడం ఆయనకు చేతకాదు. ఆ గుణమే ఊళ్లో ఆయనకు పేరు తెచ్చింది. నేను కింద దూరి నట్టు విప్పాను. పంచడం అయిపోయేసరికి తట్టలో తుడుచుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు.

మధ్యాహ్నం అన్నాలు తింటున్నాం. ఎదురింట్లోంచి కేక వినిపించింది. రాధాబాయి సక్కును రెండు చేతుల్లో వేసుకొని పరుగెత్తుకొచ్చింది. పిల్లకు రెండు మూడు రోజులుగా జ్వరం వచ్చిపోతోందని మాకూ తెలుసు. నర్సమ్మ గోలీలు ఇచ్చి వెళ్లింది. ఇప్పుడు పిల్ల ఒళ్లు కొయ్యలా బిగుసుకొని, కాళ్లూ చేతులూ కొట్టుకుంటోంది. "సారూ, సూడుండ్రి! కండ్లు తేలేస్తుంది సారూ! బండి తియ్యిండ్రి!"

బాపు చెయ్యి కడగకుండానే లేచి జీపు దాకా పోయి, అక్కడ ఆగిపోయాడు. ఆయన ముఖం నేను చూశాను. ఇంజనులో చుక్క నూనె లేదు. అలాగే నడిపితే ఊరి పొలిమేర దాటకముందే ఇంజను పట్టేస్తుంది. ఎడ్లబండి కడదామంటే రాధాబాయి బండికి చక్రాలు లేవు, ఇరుసుకు నూనె పట్టించి అలాగే వదిలి అన్నానికి పోయింది. మిగతా బండ్లన్నీ పొద్దున్నే అంగడికి పోయాయి. బస్సు వచ్చే జాడ లేదు.

"బిడ్డా, అందరిండ్లకు ఉరుకు. పొద్దుగాల ఇచ్చిన నూనె వాపస్ తెమ్మను. ఎంతుంటే గంత" అన్నాడు బాపు.

నేను ఉరికాను. గుమ్మం గుమ్మం దగ్గరా అరిచాను. "నల్ల నూనె వాపస్ ఇయ్యిండ్రి! సక్కును దవాఖానకు తీస్కపోవాలె!" ఎవరూ ఎందుకని అడగలేదు. ఒక ముసలాయన సగం గుమ్మానికి పూసి, కుంచె అందులోనే ఉన్న సీసాను అలాగే నా చేతికిచ్చాడు. ఒకామె కోళ్లగూటికి పూయగా మిగిలిన అడుగు తెచ్చింది. ఇంకొకాయన తేలిగ్గా పట్టాలని అందులో కిరసనాయిలు కలిపేశాడు. "అయ్యో, నా చేతులు ఇరగ, ఎందుకు గలిపిన్నో" అని తల కొట్టుకున్నాడు. మా వాకిట్లో అవ్వ ప్రతి సీసా వాసన చూసి, కిరసనాయిలు ఉన్నవి పక్కన పెడుతోంది. మిగిలినవి తన నూలు చీర చింపి, నాలుగు మడతలు వేసి, అందులోంచి వడకడుతోంది. మట్టి, పేడ, కోడిఈకలు ఆ గుడ్డమీద మిగిలేవి. నేను నట్టు బిగించాను. రాధాబాయి సక్కును అవ్వ మంచంమీద పడుకోబెట్టి తన ఇంటికి పరుగెత్తింది. తిరిగొచ్చినప్పుడు ఆమె దోసిట్లో, ఇరుసు మీంచి వేళ్లతో గీకి తీసిన నూనె ఉంది. అందులో అంతా మన్నే. "గిది గూడ వొయ్యి వదినా" అంది. అవ్వ అది తీసుకొని వడగుడ్డ మీద వేసింది. ఒక్క చుక్క కూడా దిగలేదు.

అంతా పోశాక బాపు కొలత పుల్ల తీసి చూశాడు. కింది గీత కూడా తడవలేదు. అయినా బయల్దేరాం. ముందు బాపు, వెనక రాధాబాయీ నేనూ, మా ఇద్దరి ఒళ్లో సక్కు. దాని పాదాలు నా చేతుల్లో ఉన్నాయి. బాపు బండిని నడిపించినట్టు లేదు, బతిమాలినట్టుంది. ఎత్తు వస్తే ఇంజను మూలిగేది, కాలుతున్న వాసన వచ్చేది. ఆపి, మూత తీసి, చల్లారనిచ్చి మళ్లీ కదిలేవాళ్లం. వాగు దగ్గర చాలాసేపు ఆగాల్సి వచ్చింది. రాధాబాయి ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. అది నాకు ఇప్పటికీ తలుచుకుంటే భయం వేస్తుంది, ఆ నోరున్న మనిషి అంతసేపు నోరు మూసుకొని కూర్చోవడం. వాగు దాటాక నా చేతుల్లో పాదాలు కొట్టుకోవడం ఆగిపోయింది. నిద్రపోయిందనుకున్నాను. ఉట్నూర్ దవాఖానలో డాక్టరు స్టెతస్కోపు పెట్టి చూసి, మెల్లగా తీసేశాడు.

బాపు ఆయన్ను వరండాలోకి తీసుకుపోయి అడిగాడు. "జర ముందుగాల తెస్తే బతుకునా?"

"చెప్పలేం సార్. బతికేదేమో, బతకకపోయేదేమో" అన్నాడు డాక్టరు. పాపం, అతను ఉన్నమాటే అన్నాడు. కానీ ఆ మాటలో సగమే బాపు ఇంటికి తెచ్చుకున్నాడు.

మర్నాడు ఖాజా మియా కొత్త టిన్ను మా అరుగుమీద పెట్టి, నిలబడలేక నిలబడ్డాడు. "బస్సే రాలే సార్. వస్తదని ఆడ్నే కూసున్న, ఎటూ పోలే. నడిసి వచ్చినా బాగుండు" అని కళ్లు తుడుచుకున్నాడు. బాపు టిన్ను వైపు చూడలేదు. ఆ రోజు నుంచి జీపు చింతచెట్టు కిందే ఉండిపోయింది. మీద చింతాకు రాలింది. బాపు బడికి పోయేవాడు, వచ్చేవాడు, అన్నం ముందు కూర్చొని లేచిపోయేవాడు. ఎవరైనా బండి కోసం వస్తే, "నడువది, ఖరాబైంది" అనేవాడు. నొప్పులు పడుతున్న ఒక కోడలిని అలాగే ఎడ్లబండి మీద వేసుకుపోయారు. ఆమె బతికి బట్టకట్టింది గానీ, దారి పొడుగునా పెట్టిన కేకలు ఊరంతా వింది. మేమూ విన్నాం. అవ్వ బాపుతో మాట్లాడటం మానేసింది.

ఆ కోడలిని తీసుకుపోయిన మర్నాడు పొద్దున రాధాబాయి వచ్చింది. సక్కు పోయాక మా గడప తొక్కడం అదే మొదలు. చంక ఖాళీగా ఉంటే ఆ మనిషి ఎవరో కొత్తావిడలా కనిపించింది. బాపు లేచి నిలబడ్డాడు. ఆమె తిడుతుందనుకున్నాడు, తిట్టాలనే కోరుకున్నాడేమో కూడా. ఎప్పుడూ 'మీరు' అనే మనిషి ఆ రోజు 'నువ్వు' అంది.

"బండెందుకు నిలవెట్టినవ్ సారూ? నూనె జల్ది ఇయ్యిమన్నది ఎవలు? నేను. ఇరుసుకు రాసుకున్నది ఎవలు? నేను. నా మొకం నేనే కొట్టుకుంటున్న రోజూ. నువ్వు బండిని పండవెడ్తే నా సక్కు లేసి వస్తదా? నిన్న గా పిల్ల మొత్తుకునుడు నీ చెవులల్ల వడలేదా? లే సారూ. లేసి నూనె మార్సు. నా పిల్లతోనే బండి గూడ సచ్చిందని ఊరు అనుకోవద్దు."

బాపు లుంగీ కట్టుకొని వచ్చాడు. ఆయన చేతికి టిన్ను మూత రాలేదు, అవ్వ వచ్చి తీసిచ్చింది. నేను కింద దూరాను. ఊరు తిరిగిచ్చిన ఆ నూనె మళ్లీ తట్టలో పడింది, అడుగున మన్ను పేరుకొని. ఈసారి ఎవరూ సీసాలతో రాలేదు. కొత్త నూనె పోసి, ఇంజను నడిపించి, పుల్ల తీసి రాధాబాయికి చూపించాడు బాపు. అప్పుడు ఆమే ఊళ్లోకి పోయి అందరినీ పిలుచుకొచ్చింది. ఆనాటి నుంచి మా వాకిట్లో అదే కట్టుబాటు. కొత్తది పోసి ఇంజను నడిపించి చూశాకే పాతది పంచాలి. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే అది నిలిచింది.

ఆ మధ్య నేను కారులో ఆ వైపు వెళ్లాను. తారురోడ్డు పడింది, వాగు మీద వంతెన ఉంది. ఊళ్లో ఇంటికో మోటారు సైకిలు, ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుందట. మంచిదే, చాలా మంచిది. ఆ రోజులే బాగుండేవని అనేవాళ్లంటే నాకు గిట్టదు. ఏం బాగున్నాయి? ఒక పిల్ల ప్రాణం ఒక టిన్ను మీదా, రాని బస్సు మీదా ఆధారపడిన రోజులు అవి. కానీ ఇప్పుడు నా వీధిలో నేను గుమ్మం గుమ్మం దగ్గరా అరిస్తే, ఎందుకని అడగకుండా చేతిలోది తెచ్చి ఇచ్చేవాళ్లు ఎందరుంటారో నాకు తెలియదు. ఉండకపోరు, నేను ఎప్పుడూ అరిచి చూడలేదు. ఆ రోజు ఇచ్చినవాళ్లలో కూడా, అదే నూనె కోసం పొద్దున్న గరిటె తక్కువైందని గొణిగినవాళ్లు ఉన్నారు. మనుషులు రెండూనూ.

రాధాబాయి వచ్చి బాపును లేపి నూనె మార్పించిన రోజు సంగతి ఇంకా కొంచెం ఉంది. పంచడం అయ్యాక రాధాబాయి తన సీసా తీసుకోలేదు. జీపెక్కి ముందు సీట్లో కూర్చుంది. "దవాఖాన దాంక కొట్టు సారూ. నడుస్తదో లేదో నేను సూడాలె" అంది. బాపు నా వైపు చూశాడు. నేను వెనక ఎక్కాను. కొత్త నూనెతో ఇంజను మెత్తగా పలికింది. ఎత్తులు ఎక్కింది, ఎక్కడా ఆగలేదు. వాగులో నీళ్లు చిమ్ముకుంటూ దాటింది. రాధాబాయి దారినే చూస్తోంది, రెప్ప వేయకుండా. మేం ఆగిన చోట్లన్నీ ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. ఎండ ఇంకా ముదరకముందే దవాఖాన గేటు ముందు బండి ఆగింది. ఆమె దిగలేదు. గేటును చూసింది, వెనక్కి తిరిగి వచ్చిన దారిని చూసింది.

"గింత దగ్గరనా సారూ?" అంది.

బాపు ఏడ్చాడు. పిల్ల పోయిన రోజు కూడా ఏడవని మనిషి, నడిబజారులో, స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాడు. చాలాసేపటికి తల ఎత్తి, ఆమె ముఖంలోకి చూసి చెప్పాడు.

"ఔ రాధమ్మా. గింత దగ్గరనే."